సొరంగం ఎట్లా వస్తే ప్లాట్‌ఫారం అట్లా

(తిరుపతిలో సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థులు, ఆసక్తి ఉన్న ఊరివాళ్ళ ముందు ఒక విశ్రాంత రైల్వే ఇంజనీరు చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే రాసుకున్నాం. మధ్యలో బోర్డు మీద గీసిన బొమ్మలు ఇందులో లేవు.)

అందరికీ నమస్కారం. వెనక వరసదాకా వినపడతా ఉందా? సరే, మొదలుపెడతా.

మన ఊరివాళ్ళకు భూగర్భ స్టేషను అంటే చెన్నై సెంట్రలే. పొద్దున గరుడాద్రి ఎక్కుతాం, సెంట్రల్లో దిగుతాం. ఆసుపత్రికో, ఎయిర్‌పోర్టుకో పోవాలంటే బయటికొచ్చి మెట్రోలోకి దిగుతాం. తెలుగు నేల మీద ఇంతవరకూ భూగర్భ మెట్రో స్టేషను ఒక్కటి కూడా లేదు. 2017లో మొదలైన హైదరాబాదు మెట్రో మొత్తం స్తంభాల మీదే పోతుంది. కాబట్టి నేను చెప్పేది కళ్ళారా చూడాలంటే మద్రాసుకో బెంగుళూరుకో పోవాల్సిందే. చిత్తూరు వాళ్ళకైతే రెండూ దగ్గరే.

హైదరాబాదు మెట్రో ఎక్కినవాళ్ళు చెప్పండి. అక్కడ పట్టాలు యాడున్నాయి? మధ్యలో. ప్లాట్‌ఫారాలు రెండు పక్కలా. మరి చెన్నైలో భూమి కిందికి దిగితే? ప్లాట్‌ఫారం మధ్యలో, రైళ్ళు అటొకటి ఇటొకటి. పూర్తిగా తిరగబడిపోయింది. ఇదేదో ఆర్కిటెక్టు ముచ్చటపడి చేసింది అనుకుంటారు చాలామంది. ఆయనకు అందులో పెద్ద పాత్ర లేదు. రెండు స్టేషన్ల మధ్య దారి ఎట్లా వేసినారో అదే స్టేషను రూపాన్ని నిర్ణయిస్తుంది. ఈ పూట నేను చెప్పదలుచుకున్నది ఇదే.

పైన వంతెన మీద రెండు పట్టాలూ ఒకే స్తంభం మీద కూర్చోవాలి. స్తంభం రోడ్డు డివైడర్‌లో ఉంటుంది. పట్టాలు దూరం జరిపితే స్తంభం తల వెడల్పు అవుతుంది, ఖర్చు పెరుగుతుంది. అందుకని పక్కపక్కనే వేస్తారు. స్టేషను దగ్గరికి వచ్చేసరికి పట్టాలను విడదీయడం ఎందుకని ప్లాట్‌ఫారాలను బయటికి నెడతారు.

కింద కథ వేరు. ఇప్పుడు సొరంగం తవ్వేది టీబీఎం, అంటే సొరంగం తవ్వే యంత్రం. మామూలుగా అది గుండ్రటి బిలమే తవ్వుతుంది. చెన్నైలో ఒక్కో సొరంగం లోపలి వ్యాసం 5.8 మీటర్లు. చుట్టూ బిగించే కాంక్రీటు సెగ్మెంట్ల మందం, దాని వెనక సందులో నింపే సిమెంటు గ్రౌటు కలిపితే తవ్వేది ఆరున్నర మీటర్ల దాకా పోతుంది. అట్లాంటివి రెండు, పోయే దారికి ఒకటి, వచ్చే దారికి ఒకటి. రెండిటినీ ఆనించి తవ్వితే మధ్యలో ఉన్న మన్ను నిలబడదు. మామూలుగా ఒక సొరంగం వెడల్పంత మన్ను మధ్యలో వదలాలని లెక్క. నేల గట్టిదైతే కొంచెం తగ్గిస్తారు, మెత్తదైతే అంతకంటే దూరం జరుగుతారు.

ఇప్పుడు లెక్క వేయండి. ఒక పట్టా నడిమి గీత నుంచి ఇంకో పట్టా నడిమి గీతకు 15 మీటర్లు వచ్చిందనుకుందాం. రైలు పెట్టె వెడల్పు మూడు మీటర్లకు కాస్త తక్కువ. పట్టా మధ్య నుంచి ప్లాట్‌ఫారం అంచుకు ఒకటిన్నర మీటరు. అటు ఒకటిన్నర, ఇటు ఒకటిన్నర తీసేస్తే మధ్యలో మిగిలింది 12 మీటర్లు. అదే ప్లాట్‌ఫారం. ఎవరూ ప్రత్యేకంగా ఆలోచించి పెట్టింది కాదు, రెండు సొరంగాల మధ్య మిగిలిన జాగా. దాన్నే ఐలాండ్ ప్లాట్‌ఫారం అంటాం.

టీబీఎం లేని రోజుల్లో ఎట్లా కట్టినారు? రోడ్డు నిలువునా తవ్వి, గోడలు కట్టి, పైకప్పు వేసి మళ్ళీ మన్ను కప్పేసేవాళ్ళు. కట్ అండ్ కవర్ అంటారు. ప్రపంచంలో మొదటి భూగర్భ రైలు, లండన్‌లో 1863 జనవరి 10న పాడింగ్టన్ నుంచి ఫారింగ్డన్ దాకా నడిచింది, అట్లా కట్టిందే. ఆవిరి ఇంజన్లు! ఆ పొగలో జనం ఎట్లా ప్రయాణం చేసినారో మీరే ఊహించుకోండి. మన దేశంలో మొదటిది కలకత్తా, 1984 అక్టోబరు 24న. దాంట్లో కూడా ఎక్కువ భాగం రోడ్డు తవ్వి కప్పిందే. తవ్వి కప్పే పద్ధతిలో రెండు పట్టాలూ ఒకే కందకంలో పక్కపక్కనే పోతాయి. ప్లాట్‌ఫారాలు సులభంగా రెండు పక్కలకూ వస్తాయి. పారిస్ మెట్రో 1900లో మొదలైంది. అక్కడ మామూలు స్టేషను చూస్తే ఒకే కమాను కింద మధ్యలో రెండు పట్టాలు, గోడలను ఆనుకుని రెండు ప్లాట్‌ఫారాలు. పైన రోడ్డు ఉన్నంత వెడల్పే కింద స్టేషను.

రోడ్డు కిందనే ఎందుకు పోవాలి, ఇళ్ళ కింద పోకూడదా అంటారేమో. పోవచ్చు. ఇంటి యజమానికి పరిహారం ఇచ్చి, ఇల్లు బీటలు వారకుండా చూసుకుని పోవాలి. లండన్‌లో సెంట్రల్ లైను కట్టినవాళ్ళు ఆ బాధ పడలేక రోడ్డు ఎటు తిరిగితే సొరంగాన్ని అటు తిప్పినారు. బ్యాంక్ స్టేషనులో ఆ లైను ప్లాట్‌ఫారం మీద నిలబడితే ఈ కొస నుంచి ఆ కొస కనపడదు, అంత వంపు. రైలు పెట్టె నేరుగా ఉంటుంది, ప్లాట్‌ఫారం వంగి ఉంటుంది. పెట్టె కొసల దగ్గర ఒక చోట సందు, మధ్యలో ఇంకో చోట సందు. కాలు జాగ్రత్త అని మైకులో చెప్పడం అక్కడ 1960ల చివర మొదలుపెట్టినారు, ఇప్పటికీ చెప్తానే ఉన్నారు. నూట ఇరవై ఏళ్ళ కిందట ఎవరో మిగుల్చుకున్న పరిహారం డబ్బుకు ఈ రోజు ప్రయాణికుడు కింద చూసుకుని కాలు పెడతా ఉన్నాడు. ఇప్పుడు మనం స్టేషను దగ్గర పట్టాను వీలైనంత వరకూ నేరుగానే పెడతాం.

ఆ సెంట్రల్ లైనువాళ్ళు ఒక తెలివైన పని కూడా చేసినారు. స్టేషనును కొంచెం ఎత్తులో పెట్టి, రెండు స్టేషన్ల మధ్య సొరంగాన్ని పల్లంలో పెట్టినారు. స్టేషనుకు వచ్చేటప్పుడు రైలు 60కి ఒకటి, అంటే 60 మీటర్లకు ఒక మీటరు ఎత్తు ఎక్కుతుంది, పోయేటప్పుడు 30కి ఒకటి పల్లం దిగుతుంది. వచ్చే రైలుకు బ్రేకు పని తగ్గుతుంది, పోయే రైలుకు తోపు దొరుకుతుంది. కరెంటు ఖర్చు మిగిలింది, ప్రయాణికుడు దిగాల్సిన లోతూ తగ్గింది. పల్లంలో నీళ్ళు చేరతాయి కాబట్టి అక్కడ సంపు తవ్వి పంపు పెట్టాలి. ఎక్కడైనా సొరంగంలో అట్లాంటి పల్లపు చోటు ఉంటే అక్కడ సంపు ఉండాల్సిందే.

రోడ్డు మరీ ఇరుకైతే? మన గాంధీ రోడ్డే తీసుకోండి. (నవ్వులు) కడతామని కాదు, ఉదాహరణకు. రెండు సొరంగాలు, మధ్యలో మన్ను, అటూ ఇటూ గోడలు, మొత్తం కలిపి ఇరవై మీటర్ల పైమాటే. గాంధీ రోడ్డులో అంత యాడుంది? రెండు వరసల అంగళ్ళూ కొట్టాలి. అప్పుడు మిగిలిన దారి ఒకటే, సొరంగాలను ఒకదాని కింద ఒకటి పెట్టడం. లండన్‌లో సెయింట్ పాల్స్, చాన్సరీ లేన్ స్టేషన్లలో అట్లాగే చేసినారు. పోయే రైలు ఒక అంతస్తులో, వచ్చే రైలు ఇంకో అంతస్తులో. పైన వీధి సన్నదని కింద స్టేషను నిలువుగా పెరిగింది.

బార్సిలోనా వాళ్ళు తొమ్మిదో లైనుకు ఇంకో దారి పట్టినారు. సుమారు 12 మీటర్ల వ్యాసంతో ఒకటే పెద్ద సొరంగం తవ్వి, దాన్ని అడ్డంగా రెండంతస్తులు చేసి, పై అంతస్తులో ఒక దారి, కింది అంతస్తులో ఒక దారి పెట్టినారు. చాలాచోట్ల ప్లాట్‌ఫారం కూడా ఆ సొరంగం కడుపులోనే. ఇక స్టేషనుకంటూ రోడ్డు మీద తవ్వాల్సింది లిఫ్టులకూ మెట్లకూ ఒక బావి, అంతే. పాత ఊళ్ళకు ఇది మంచి పద్ధతి అని నా అభిప్రాయం. ఖర్చు మాట అడగొద్దు.

పాత ఢిల్లీలో చావ్‌డీ బజార్ దగ్గర పైనుంచి తవ్వే జాగా లేక, ప్లాట్‌ఫారం భాగాన్ని కిందనే కొంచెం కొంచెంగా తొలుచుకుంటా, తొలిచినంత మేర వెంటనే కాంక్రీటు చల్లుకుంటా పోయినారు. న్యూ ఆస్ట్రియన్ పద్ధతి అంటారు. ఆ పద్ధతిని చూడాలంటే ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. ఓబులవారిపల్లె నుంచి కృష్ణపట్నం పోయే లైనులో చెర్లోపల్లి, రాపూరు మధ్య వెలిగొండల్లో 6.6 కిలోమీటర్ల సొరంగం అట్లాగే తొలిచినారు. 2019 సెప్టెంబరు 1న ప్రారంభమైంది. గుర్రపు నాడా ఆకారం, గుండ్రం కాదు.

సరే, మధ్యలో ఉండే ఐలాండా, రెండు పక్కలా ఉండే సైడా, ఏది మంచిది? పిల్లలు పరీక్షలో పట్టిక గీస్తారు, లాభాలు నష్టాలు అని. నాకు పట్టిక మీద నమ్మకం లేదు. జనం ఎప్పుడు ఎటు పోతారో చూసి చెప్పాలి. ఐలాండులో ఒక ఎస్కలేటరు, ఒక లిఫ్టు రెండు దారులకూ పనికొస్తాయి. ముసలాయన పొరపాటున తప్పు దిక్కుకు వచ్చినా మళ్ళీ పైకెక్కి దిగే పని లేదు, వెనక్కి తిరిగితే చాలు. పొద్దున ఊళ్ళోకి వచ్చేవాళ్ళు ఎక్కువ, సాయంత్రం పోయేవాళ్ళు ఎక్కువ అయితే ఆ 12 మీటర్లనూ ఎక్కువమంది ఉన్న వైపు వాడుకుంటుంది. కానీ రెండు రైళ్ళూ ఒకేసారి వస్తే? రెండు గుంపులూ ఒకే మెట్ల కాడికి. ఇక ఐలాండును తర్వాత వెడల్పు చేయలేం, రెండు పక్కలా పట్టాలే కదా. ఇరుగ్గా కట్టినారంటే ఇరుగ్గానే ఉండిపోతుంది.

లండన్‌లో క్లాపమ్ కామన్ అని ఒక స్టేషను ఉంది. ఒకే సొరంగంలో మధ్యన సన్నటి ప్లాట్‌ఫారం, రెండు వైపులా రైళ్ళు. అంచు నుంచి అంచుకు నాలుగు మీటర్లు కూడా ఉండదు. రెండు వైపులా రైళ్ళు వస్తే నడిమిట్లో నిలబడినవాడికి ఎటు జరగాలో తెలియదు. అట్లాంటిదే ఏంజెల్ స్టేషను కూడా ఉండేది. జనం పెరిగి ఇక లాభం లేదని ఒక దారికి కొత్త సొరంగం తవ్వి, 1992లో మార్చినారు. పాత పట్టా తీసేసిన జాగా కూడా ప్లాట్‌ఫారంలో కలిసిపోయింది. ఈ రోజు అక్కడ దిగితే ఒక వైపు ప్లాట్‌ఫారం అంత వెడల్పు ఎందుకుందో కొత్తవాడికి అర్థం కాదు.

జనం అంటే మన ఊరికి నేను కొత్తగా చెప్పేదేముంది. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కంపార్టుమెంట్లు ఎందుకు పెట్టినారు? లోపల ఎంతమంది పడతారో అంతమందినే వదలడానికి. భూగర్భ స్టేషనులో కాన్‌కోర్స్, అంటే ప్లాట్‌ఫారానికి పైన ఉండే హాలు, చేసే పని అదే. టికెట్ గేట్లు, సోదా, మెట్లు, ఇవన్నీ జనాన్ని కొంచెం కొంచెంగా ప్లాట్‌ఫారానికి వదిలే కంపార్టుమెంట్లే. కింద రద్దీ అయితే పైన గేట్లు ఆపేస్తారు. ప్లాట్‌ఫారం వెడల్పు లెక్కకట్టేటప్పుడు మామూలు రోజు జనాన్ని చూడరు. ఒక రైలు రాకుండా పోయి, రెండు రైళ్ళ జనం నిలబడితే పడతారా అని చూస్తారు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్తా. ప్లాట్‌ఫారం కంటే మెట్లే ప్రమాదం. 1943 మార్చి 3న లండన్‌లో బెత్నల్ గ్రీన్ స్టేషను, అప్పటికింకా పూర్తికాలేదు, యుద్ధంలో జనం దాక్కోడానికి వాడుకుంటా ఉండేవాళ్ళు. ఆ రాత్రి అక్కడ బాంబు ఒక్కటీ పడలేదు. మెట్ల మీద ఎవరో జారినారు, వెనకవాళ్ళు ఆగలేదు, 173 మంది పోయినారు. మెట్ల మధ్యలో పట్టుకోడానికి కడ్డీ లేదు. 2025 జనవరి 8న మన తిరుపతిలోనే వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కాడ తోపులాటలో ఆరుగురు పోయినారు. ఆ కుటుంబాలను తల్చుకుంటే ఈ లెక్కలు పుస్తకంలో లెక్కలుగా కనపడవు. స్టేషను డ్రాయింగు మీద సంతకం పెట్టేవాడు మెట్ల వెడల్పు దగ్గర పొదుపు చేయకూడదు. పాలరాయి దగ్గర చేసుకోమనండి.

మళ్ళీ చెన్నై సెంట్రల్‌కు వద్దాం. అక్కడ బ్లూ లైను, గ్రీన్ లైను కలుస్తాయి. కలుస్తాయి అంటే పట్టాలు కలవవు. ఒకదాని కింద ఒకటి, రెండు వేర్వేరు అంతస్తుల్లో ఉంటాయి. బెంగుళూరు మెజెస్టిక్ కూడా ఇంతే, పర్పుల్ లైను ఒక అంతస్తు, గ్రీన్ లైను ఒక అంతస్తు. రైలు మారాలంటే ఎస్కలేటరు ఎక్కాలి లేదా దిగాలి. దీనికంటే సుఖమైన పద్ధతి ఉంది. లండన్‌లో విక్టోరియా లైను కట్టేటప్పుడు, 1968 నుంచి 71 దాకా అంచెలంచెలుగా తెరిచినారు, ఆక్స్‌ఫర్డ్ సర్కస్ లాంటి చోట్ల పాత లైను సొరంగాలకు చెరో పక్కన కొత్త సొరంగాలు తెచ్చినారు. ఈ రైలు దిగి ప్లాట్‌ఫారం దాటి నాలుగడుగులు వేస్తే అదే దిక్కుకు పోయే ఇంకో లైను రైలు. మెట్లు లేవు. అయితే దీనికోసం సొరంగాలను మైలు దూరం నుంచే మెలికలు తిప్పుకుంటా తేవాలి, ఒకటి ఇంకోదాని పైనుంచో కిందనుంచో దాటాలి. స్టేషనులో ప్రయాణికుడికి మిగిలిన మెట్లన్నీ సొరంగంలో ఇంజనీరు ఎక్కి దిగినవే.

లోతు సంగతి కొంచెం చెప్పి ముందుకు పోతా. రష్యా వాళ్ళు 1935లో మాస్కోలో మొదలుపెట్టి, లోతులో మూడు సొరంగాలు పక్కపక్కన తవ్వే పద్ధతి తెచ్చినారు. అటూ ఇటూ రైళ్ళు, మధ్యది జనానికి హాలు. మధ్య గోడలు మందంగా ఉంచితే అది ఒక రకం, గోడలు తీసేసి ఉక్కు స్తంభాల మీద నిలబెడితే ఇంకో రకం. 1938 నాటి మయకోవ్‌స్కయా స్టేషను ఈ రెండో రకం, చూడాల్సిన కట్టడం. కీవ్‌లో ఆర్సెనల్నా స్టేషను సుమారు 105 మీటర్ల లోతు. మన దేశంలో హౌరా మెట్రో స్టేషను ముప్పై మీటర్ల పైచిలుకు. హుగ్లీ నది కింద నుంచి పోయే రైలు అది, 2024 మార్చిలో మొదలైంది.

నీళ్ళ గురించి చెప్పకుండా పోలేను. చెన్నైలో నాలుగడుగులు తవ్వితే నీళ్ళు. స్టేషను అంటే లోపల గాలి నిండిన పెద్ద కాంక్రీటు పెట్టె. 200 మీటర్ల పొడవు, 20 వెడల్పు, 20 లోతు అనుకోండి, 80,000 ఘనపు మీటర్లు. నీళ్ళు నేల మట్టందాకా ఉంటే ఆ పెట్టెను పైకి నెట్టే బలం 80,000 టన్నులు. అది తేలాలనే చూస్తా ఉంటుంది! మనం స్టేషను కుంగిపోకుండా చూడాలి అనుకుంటాం, నిజానికి తేలిపోకుండా చూడాలి. అందుకే అడుగు శ్లాబు అంత మందం, పక్కన డయాఫ్రమ్ గోడలు (లోపల తవ్వకముందే మన్నులో పోసే కాంక్రీటు గోడలు) స్టేషను అడుగు దాటి ఇంకా లోతుకు, పైకప్పు మీద మన్ను బరువు. ఈసారి చెన్నైలో మెట్రో ద్వారం దగ్గర కాళ్ళ వైపు చూడండి. భూమి కిందికి పోయేవాడు ముందు నాలుగు మెట్లు పైకెక్కుతాడు, తర్వాతే కిందికి దిగుతాడు. ఆ నాలుగు మెట్లు వరద కోసం. 2015లో ఆ ఊరు మునిగింది చూసినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

ప్లాట్‌ఫారం అంచున గాజు తలుపులు చూసినారు కదా. 1961లో లెనిన్‌గ్రాడ్‌లో పార్క్ పొబెడీ స్టేషనులో పట్టాలకూ హాలుకూ మధ్య గోడే కట్టి, రైలు తలుపులకు ఎదురుగా ఇనుప తలుపులు పెట్టినారు, లిఫ్టు తలుపుల మాదిరి. నిలువెత్తు గాజు తలుపులు 1987లో సింగపూర్‌తో పేరుకొచ్చినాయి. జనం పట్టాల మీద పడకుండా అనేది ఒక కారణం. మన ఎండలకు రెండో కారణం కూడా అంత పెద్దదే: ఏసీ చల్లదనం సొరంగంలోకి పోకుండా ఆపడం. రైలు సొరంగంలో వస్తా ముందున్న గాలిని తోసుకుంటా వస్తుంది. తలుపులు లేని స్టేషనులో రైలుకంటే ముందు గాలే మొహానికి కొడుతుంది. తలుపులు పెడితే ఆ గాలి యాడికి పోవాలి? పైకి వదలడానికి షాఫ్టులు కట్టాలి. రోడ్డు పక్కన జాలీ పెట్టిన కాంక్రీటు గదులు కనపడతాయే, అవే. నిప్పు అంటుకుంటే ఆ దారినే పెద్ద ఫ్యాన్లతో పొగను లాగుతారు. లండన్ కింగ్స్ క్రాస్‌లో 1987 నవంబరు 18న కొయ్య ఎస్కలేటరు కింద పడిన ఒక అగ్గిపుల్లతో 31 మంది పోయినారు. ఇప్పటి లెక్క ప్రకారం ప్లాట్‌ఫారం మీది జనమంతా నాలుగు నిమిషాల్లో అక్కడి నుంచి కదిలిపోవాలి, ఆరు నిమిషాల్లో క్షేమమైన చోటికి చేరాలి. సొరంగం మధ్యలో రైలు ఆగితే? రెండు సొరంగాలనూ కలుపుతా సుమారు 250 మీటర్లకు ఒక అడ్డదారి ఉంటుంది. ఈ సొరంగంలో పొగ వస్తే పక్క సొరంగమే దిక్కు.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి.

(ప్రశ్న: అయ్యా, తిరుమలకు సొరంగంలో రైలు వేయొచ్చా?)

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు స్వామీ. (నవ్వులు) కొండను తొలవచ్చా, తొలవకూడదా అనేది నేను తేల్చేది కాదు, దానికి వేరే పెద్దలున్నారు. లెక్క మాత్రం చెప్తా. కింది ఊరికీ పై ఊరికీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. మెట్రో రైలు ఎక్కగలిగేది నూటికి మూడు, మహా అంటే నాలుగు. మూడు చొప్పున 700 మీటర్లు ఎక్కాలంటే 23 కిలోమీటర్ల దారి కావాలి. ఘాట్ రోడ్డుకంటే ఎక్కువ! సొరంగాన్ని కొండలో చుట్లు తిప్పాలి. మధ్యలో స్టేషను పెట్టాలంటే ఇంకో చిక్కు, ప్లాట్‌ఫారం దగ్గర పట్టా దాదాపు సమంగా ఉండాలి. మన రైల్వేలో స్టేషను యార్డుకు 1200కు ఒకటి వాలు మంచిదంటారు, 400కు ఒకటి దాటనివ్వరు. అంటే ఎక్కేదాన్ని ఆపి, సమం చేసి, మళ్ళీ ఎక్కాలి. దారి ఇంకా పెరుగుతుంది.

(ప్రశ్న: సార్, ఐలాండ్ ప్లాట్‌ఫారం ఉన్న ఆఖరి స్టేషనులో రైలు ఎట్లా వెనక్కి తిరుగుతుంది?)

మంచి ప్రశ్న అమ్మా, డిజైనులో తల పట్టుకునేది అక్కడే. రైలు ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మారాలంటే క్రాసోవరు కావాలి. పట్టాలు నాలుగు మీటర్ల దూరంలో ఉంటే క్రాసోవరు పొట్టిగా అయిపోతుంది. 15 మీటర్ల దూరంలో ఉంటే అది ఎంత పొడవు సాగాలి! పైగా గుండ్రటి సొరంగంలో పట్టా పక్కకు తిరగడానికి జాగా ఉండదు, గోడ అడ్డమొస్తుంది. అందుకని స్టేషను పెట్టెనే ఒక కొస వైపు పొడుగు చేసి, ఆ భాగంలో స్తంభాలు లేకుండా వదిలి, క్రాసోవరు అందులో పెడతారు. లేదంటే ప్లాట్‌ఫారం దాటినాక రెండు పట్టాలనూ దగ్గరికి తెచ్చి, మధ్యలో ఒక మళ్ళింపు పట్టా వేస్తారు; రైలు ఖాళీ అయినాక అందులోకి పోయి, డ్రైవరు ఆ కొసకు మారి, ప్లాట్‌ఫారం రెండో వైపుకు వస్తాడు. ఈ ఖర్చు భరించలేకే ప్రతి స్టేషనులో క్రాసోవరు పెట్టరు. దారిలో ఒక రైలు చెడిపోతే మూడు నాలుగు స్టేషన్ల మేర రైళ్ళు ఆగిపోవడం చూస్తారే, కారణం అదే. తర్వాతి క్రాసోవరు దాకా తప్పించుకునే దారి లేదు.

హాలు ఖాళీ చేయమని వాచ్‌మన్ చూపిస్తా ఉన్నాడు. ఎవరికైనా బొమ్మ కావాలంటే బోర్డు తుడవకముందే ఫోటో తీసుకోండి.